మోకాళ్ల నొప్పి ఉన్న అమ్మగారితో గ్రాండ్ క్యాన్యన్ ట్రిప్

అక్టోబర్‌లో అమ్మానాన్నలతో వేగస్ నుంచి నాలుగు రోజుల్లో గ్రాండ్ క్యాన్యన్, యాంటిలోప్ క్యాన్యన్ (సన్నటి రాతి లోయ), జయాన్ నేషనల్ పార్క్ చూడగలమా, అమ్మగారికి మోకాళ్ల నొప్పులు అని అడిగారు కదా. టెన్షన్ పడకండి, ఒక్కటి వదులుకుంటే హాయిగా అవుతుంది.

గ్రాండ్ క్యాన్యన్‌లో సౌత్ రిమ్‌కే, అంటే లోయ దక్షిణపు అంచుకే వెళ్లండి. వేగస్ నుంచి కారులో నాలుగున్నర గంటలు. లోయలోకి దిగే పనే లేదు. ఆ అంచు వెంట సాగే హర్మిట్ రోడ్డులో సొంత కార్లను మార్చి నుంచి నవంబర్ దాకా రానివ్వరు గానీ, ఉచిత షటిల్ బస్సు వెళ్లేటప్పుడు ప్రతి వ్యూపాయింట్ దగ్గరా ఆగుతుంది. నచ్చినచోట దిగి, చూసి, తర్వాతి బస్సెక్కడమే. ఎత్తు సుమారు 7,000 అడుగులు కాబట్టి సూర్యాస్తమయం అయ్యేసరికి చలి పట్టేస్తుంది; శాలువాతో సరిపెట్టకండి, మందపాటి జాకెట్లు కొనండి.

వదులుకోవాల్సింది యాంటిలోప్. అందులో లోయర్, అప్పర్ అని రెండు భాగాలు. లోయర్‌లో నిటారు ఇనుప మెట్లు. అప్పర్ లోపల చదునే అయినా తిరిగొచ్చే దారిలో మెట్లుంటాయి. పైగా అక్కడి స్థానిక తెగ నవాహోల గైడ్ వెంటే నడవాలి, మధ్యలో కూర్చుంటామంటే కుదరదు.

ఆ రోజు కూడా జయాన్‌కే ఇవ్వండి. షటిల్ చివరి స్టాప్‌లో దిగితే వర్జిన్ నది పక్కనే చదును చేసిన రివర్‌సైడ్ వాక్ అనే నడక బాట ఉంది. ఎంత దూరం నడవగలిగితే అంతే నడిచి వెనక్కి రావచ్చు.

అన్నట్టు, వేసవి టైమ్ (గడియారాన్ని గంట ముందుకు జరిపే పద్ధతి) నడుస్తున్న అక్టోబర్‌లో జయాన్ ఉన్న యూటా గడియారం గ్రాండ్ క్యాన్యన్ ఉన్న ఆరిజోనా కన్నా గంట ముందుంటుంది. హోటల్ చెకిన్ లెక్క చూసుకోండి.