టెక్ సందేహాలు: ఆల్ప్స్ ప్రయాణం, ఒకే ఒక్క ఫోన్

జర్మనీలో చదువుకుంటున్న పిల్లల దగ్గరకు వెళ్లి, పనిలో పనిగా ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కూడా రైళ్లలో తిరిగి, వీలైతే కొన్ని కొండ దారులు నడిచి రావాలనుకునే తల్లిదండ్రుల నుంచి ఈ మధ్య వరుసగా ప్రశ్నలు వస్తున్నాయి. ఊళ్లు వేరైనా ఇబ్బందులు మాత్రం అవే కావడంతో ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాను. వీసా, విమానం, హోటల్ సంగతులు ఇందులో ఉండవు.

మ్యూనిక్‌లో ఉన్న మా అబ్బాయి తన డాయిచ్‌లాండ్ టికెట్ స్క్రీన్‌షాట్‌ను వాట్సాప్‌లో పంపుతానంటున్నాడు. దానితో నెలంతా ఎక్కడికైనా తిరగవచ్చట. తనిఖీలో ఇబ్బంది ఉంటుందా? (కరీంనగర్)

తప్పకుండా ఉంటుంది. ఆ టికెట్ మీ అబ్బాయి పేరు మీద ఉంది, మరొకరు వాడుకోవడానికి వీల్లేదు. తనిఖీ సిబ్బంది కోడ్‌ను స్కాన్ చేసి, పేరు చూసి, పాస్‌పోర్టు అడుగుతారు. చెల్లే టికెట్ లేదని తేలితే 60 యూరోలు కట్టాలి, అంటే దాదాపు నెల టికెట్ ధరంత. 2023 మేలో 49 యూరోలతో మొదలైన ఆ టికెట్ 2025 జనవరిలో 58కి, 2026 జనవరి నుంచి 63కి పెరిగింది. పర్యాటకులూ కొనుక్కోవచ్చు కాబట్టి మీ పేరు మీద మీరే తీసుకోండి. అయితే అది నెలనెలా దానంతటదే కొనసాగే చందా. ఆ నెలాఖరుతో ఆగిపోవాలంటే 10వ తేదీలోగా రద్దు చేసుకోవాలి. ఇక "ఎక్కడికైనా" అన్న మాటకు వస్తే, అది ప్రాంతీయ రైళ్లు, ఎస్-బాన్ (నగర శివారు రైళ్లు), మెట్రో, ట్రామ్, సిటీ బస్సుల వరకే. ఐసీఈ, ఐసీ, ఈసీ అనే దూరప్రాంత రైళ్లలో చెల్లదు. ఆస్ట్రియా వైపు ప్రాంతీయ రైల్లో సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా వెళ్లవచ్చు, అక్కడి నుంచి వేరే టికెట్ తీసుకోవాలి.

స్క్రీన్‌షాట్ల అలవాటు జనానికి ఊరికే రాలేదు. టికెట్‌ను యాప్ లోపలే బంధించి, ప్రయాణం రోజు పొద్దున్నే "కొత్త వెర్షన్ వేసుకుంటేనే తెరుచుకుంటాను" అని మొరాయించే యాప్‌లే దానికి కారణం. సిమ్ మారిందనో, దేశం మారిందనో లాగౌట్ చేసి మళ్లీ పాస్‌వర్డు అడిగేవి కూడా ఉన్నాయి. ప్లాట్‌ఫారం మీద రైలు నిలబడి ఉండగా 180 ఎంబీ అప్‌డేట్ దిగుతూ ఉంటే ఎలా ఉంటుందో దాన్ని తయారుచేసినవారు ఒక్కసారి కూడా ఊహించుకున్నట్టు లేరు. డబ్బు తీసుకున్నాక టికెట్‌ను నెట్ లేకుండా తెరుచుకునేలా ఇవ్వడం అమ్మేవాళ్ల బాధ్యత. పీడీఎఫ్ ఇచ్చే చోట దాన్నే తీసుకుని, ఒక ప్రతి ప్రింట్ చేయించుకోండి. యాప్ తప్ప గతిలేని చోట, యాప్ అప్‌డేట్లను ముందు రోజు రాత్రి బసలో వైఫై ఉండగానే పూర్తిచేసి, టికెట్ ఒకసారి తెరిచి చూసుకుని పడుకోండి.

న్యూరెంబర్గ్ నుంచి మ్యూనిక్, ఇన్స్‌బ్రుక్, జ్యూరిక్ మీదుగా మూడు వారాలు తిరుగుతాం. అన్ని టికెట్లూ ఒకే యాప్‌లో చవకగా దొరుకుతున్నాయి, కొనేయవచ్చా? (విశాఖపట్నం)

వేళలు చూసుకోవడానికి ఏ యాప్ అయినా పరవాలేదు. డబ్బు కట్టేటప్పుడు మాత్రం ఆయా రైల్వేల సొంత యాప్‌లకే వెళ్లండి: జర్మనీకి డీబీ నావిగేటర్, ఆస్ట్రియాకు ఓబీబీ, స్విట్జర్లాండ్‌కు ఎస్‌బీబీ మొబైల్. మధ్యవర్తుల యాప్‌లలో కొన్ని, ధర తక్కువగా కనిపించడం కోసం, ఒకే ప్రయాణాన్ని రెండు మూడు టికెట్లుగా కోసి అమ్ముతాయి. ఆ నష్టం కొన్న రోజు కనిపించదు. జర్మనీ రైల్వే సంస్థ డాయిచ్ బాన్ సొంత లెక్కల ప్రకారమే 2024లో దాని దూరప్రాంత రైళ్లలో 62.5 శాతమే సమయానికి చేరాయి, అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగా లెక్కించకుండా. జర్మనీలో చవక టికెట్ ఒకే రైలుకు కట్టుబడి ఉంటుంది. గమ్యానికి 20 నిమిషాలో అంతకు మించో ఆలస్యంగా చేరతారని తేలితే ఆ కట్టుబాటు తొలగి, వేరే రైలు ఎక్కే హక్కు వస్తుంది. గంట ఆలస్యమైతే ధరలో 25 శాతం, రెండు గంటలైతే 50 శాతం తిరిగి వస్తుంది. ఇదంతా ప్రయాణం మొత్తం ఒకే టికెట్‌గా ఉన్నప్పుడే. న్యూరెంబర్గ్–మ్యూనిక్ ఒకటి, మ్యూనిక్–ఇన్స్‌బ్రుక్ మరొకటి అని విడగొట్టి కొన్నవారికి రెండో రైలు తప్పిపోతే అడిగే దిక్కుండదు.

కొండ నడక పెట్టుకున్న రోజులకు రైలు కట్టుబాటు ఉన్న టికెట్ అసలే కొనవద్దు, ఎందుకంటే వాన పడితే ఆ రోజు పథకం మారిపోతుంది. స్టేషన్ పేరును కూడా జాబితాలో పైన కనిపించింది కదా అని నొక్కేయకండి. ఆస్ట్రియాలో టిరోల్‌లో ఒక సాంక్ట్ యోహాన్, సాల్జ్‌బర్గ్ రాష్ట్రంలోని పొంగావ్‌లో మరొక సాంక్ట్ యోహాన్ ఉన్నాయి, రెండింటికీ స్టేషన్లు ఉన్నాయి. మైన్ నది మీది ఫ్రాంక్‌ఫర్ట్‌కు బదులు పోలండ్ సరిహద్దులో ఓడర్ ఒడ్డున ఉన్న ఫ్రాంక్‌ఫర్ట్‌కు టికెట్ కొన్నవారికి యాప్‌ను తిట్టే అర్హత లేదు. పేరు దగ్గర మన ఇంటిపేరును ఒక్క అక్షరానికి కుదించకుండా, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయండి.

నా బ్యాంకు సిమ్‌ను ఇంటి దగ్గర మా అమ్మాయి ఫోన్‌లో వేసి వెళ్తాను. ఓటీపీ వస్తే తను వాట్సాప్‌లో పంపుతుంది. పాస్‌పోర్టు, వీసా, కార్డుల ఫోటోలన్నీ ఫ్యామిలీ గ్రూపులో పెట్టుకున్నాం. ఇంకేమైనా జాగ్రత్త కావాలా? (ఖమ్మం)

మీరు జాగ్రత్తలు అనుకుంటున్నవే నన్ను కంగారు పెడుతున్నాయి. ముందు తేలికైన సంగతి. వేసవిలో జ్యూరిక్‌లో రాత్రి 9 గంటలంటే మన దగ్గర అర్ధరాత్రి దాటి 12.30. మీ అమ్మాయి నిద్రలేచి చూసేసరికి ఓటీపీ గడువు తీరిపోతుంది. యూపీఐ యాప్‌లు సిమ్‌కు ముడిపడి ఉంటాయి కాబట్టి అవీ మొండికేస్తాయి. సిమ్ మీ ఫోన్‌లోనే ఉంచుకోండి, బయలుదేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ తెరిపించుకోండి, ఆ సిమ్‌కు డేటా రోమింగ్ మాత్రం ఆపేయండి. డేటాకు ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్‌లోనే డిజిటల్‌గా ఎక్కే సిమ్) వేరేగా పెట్టుకుంటే ఎస్సెమ్మెస్ దారి ఎస్సెమ్మెస్‌ది, నెట్ దారి నెట్‌ది.

ఇప్పుడు అసలు భయం. ప్రయాణికుడి టికెట్, మ్యాపు, బ్యాంకు, ఈమెయిల్, ఓటీపీ వచ్చే నంబరు, హోటల్ తలుపు కోడ్ అన్నీ ఒకే ఫోన్‌లో చేరాయి. ఆ ఫోన్‌ను రద్దీగా ఉన్న స్టేషన్లో, తాళం తీసి, టికెట్ చూపించడానికి వెలుతురు పెంచి, అరచేతిలో పెట్టుకుని నిలబడతాం. దొంగకు కావలసింది సరిగ్గా అదే క్షణం. అంతకు ముందు మీ భుజం వెనుక నిలబడి పిన్ నొక్కడం చూసి ఉంటే పని ఇంకా సులువు. పిన్ తెలిస్తే ఈమెయిల్ పాస్‌వర్డు మార్చవచ్చు, ఈమెయిల్ చేతికి వస్తే మిగతా ఖాతాల పాస్‌వర్డులు మార్చవచ్చు, వాటికి కావలసిన ఓటీపీ కూడా ఆ ఫోన్‌కే వస్తుంది. పిన్ తెలియకపోయినా సిమ్ బయటికి తీసి వేరే ఫోన్‌లో వేస్తే చాలు, మీ ఓటీపీలన్నీ అక్కడికి చేరతాయి. అంత శ్రమ కూడా అక్కర్లేకుండా లాక్ స్క్రీన్ మీదే ఓటీపీ మొత్తం కనిపించేలా ఫోన్‌ను వదిలేసేవారు నాకు తెలిసినవాళ్లలో సగం మంది ఉంటారు.

కాబట్టి బయలుదేరే ముందు ఒక సాయంత్రం దీనికి కేటాయించండి. లాక్ స్క్రీన్ మీద సందేశం లోపలి మాటలు కనిపించకుండా ఆపండి. సిమ్‌కు పిన్ పెట్టండి. మొదటి పిన్ ఏదో కంపెనీని అడిగి తెలుసుకున్నాకే ఆ పని చేయండి, మూడుసార్లు తప్పు కొడితే సిమ్ బిగుసుకుపోయి పీయూకే కోడ్ అడుగుతుంది. పరిచయం లేని చోట కీలకమైన మార్పులు చేయాలంటే పిన్ సరిపోదని, వేలిముద్రో ముఖమో కావాలని అడిగే దొంగతన రక్షణ ఇప్పుడు ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది. అన్ని మోడళ్లలో లేకపోవచ్చు కానీ, ఉంటే ఇంట్లో ఉండగానే ఆన్ చేయండి. ఈమెయిల్ ఖాతాకు రికవరీ కోడ్లు తీసుకుని కాగితం మీద రాసి, ఫోన్ లేని సంచిలో పెట్టండి. ఫోన్ పోయాక మీరు మీరేనని రుజువు చేసేది ఆ కాగితమే. కార్డుకు విదేశీ వాడకం, దాని పరిమితి మీ చేతిలోనే ఉండేలా రిజర్వు బ్యాంకు 2020 నుంచే ఏర్పాటు చేయించింది. పరిమితిని ఆ వారానికి సరిపడా తగ్గించి, రెండు వేర్వేరు బ్యాంకుల కార్డులను భార్యాభర్తలు చెరొకటి ఉంచుకోండి.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన కార్డుల ఫోటోల మాట చెప్పాలి. గ్రూపులో పద్దెనిమిది మంది ఉంటే ఆ ఫోటోలు పద్దెనిమిది గ్యాలరీల్లోకి, అక్కడి నుంచి వాళ్ల వాళ్ల క్లౌడ్ బ్యాకప్‌లలోకి వెళ్లి కూర్చుంటాయి. మీరు తర్వాత డిలీట్ చేసినా అవి అక్కడే ఉంటాయి. కార్డుల ఫోటోలు అసలు అవసరం లేదు, బ్లాక్ చేయించే ఫోన్ నంబరు రాసుకుంటే చాలు. ఇన్నేళ్లుగా ఎస్సెమ్మెస్ ఓటీపీనే పట్టుకు వేలాడుతున్న బ్యాంకులను కూడా ఇక్కడ అడగాలి. 2026 ఏప్రిల్ 1 తేదీతో వచ్చిన రిజర్వు బ్యాంకు నిబంధనలు ఎస్సెమ్మెస్ కాకుండా వేరే మార్గాలకూ చోటిచ్చాయి. మీ బ్యాంకు యాప్‌లోనే ఆమోదం తెలిపే పద్ధతి ఉంటే ప్రయాణానికి ముందే దానికి మారండి.

ఏఐతో 21 రోజుల రైలు, నడక ప్లాన్ తయారు చేశాను. దానిలో రోజుకో శిఖరం ఉంది. ఒకసారి చూసి చెబుతారా? (గుంటూరు)

మీరు పంపిన పట్టికలో జూన్ మొదటి వారంలోనే 2,500 మీటర్ల కనుమ ఒకటి ఉంది. ఆ ఎత్తులో మంచు చాలా ఏళ్లు జూన్ చివరి దాకా, ఒక్కోసారి జూలైలోకి కూడా ఉంటుంది. ఎత్తైన చోట్ల కొండ వసతి గృహాలు ఎక్కువగా జూన్ మధ్య తర్వాతే తెరుచుకుంటాయి. వసంతంలో కొన్ని వారాలు మరమ్మతుల కోసం రోప్‌వేలు ఆపేస్తారు. ఈ మూడింటిలో ఒక్కటీ మీ ఏఐ అడగలేదు, మీరూ చెప్పలేదు. అది దూరాన్ని కిలోమీటర్లలో తీసుకుని సమతల నడక లెక్కన గంటలు వేసింది. స్విట్జర్లాండ్‌లో దారి పలకలు దూరం కాక సమయం చెబుతాయి, అదీ విశ్రాంతి కలపకుండా. పసుపు గుర్తు ఉన్నది మామూలు నడక దారి, తెలుపు-ఎరుపు-తెలుపు కొండ దారి, తెలుపు-నీలం-తెలుపు తాడూ అనుభవమూ కావలసిరాగల ఆల్పైన్ దారి. అందరి ఫోన్లలో ఉండే మామూలు మ్యాప్ యాప్‌లకు ఈ తేడా తెలియదు, వాటికి అన్నీ ఒకే చుక్కల గీతే.

స్విస్ ప్రభుత్వ సర్వే సంస్థ వారి స్విస్‌టోపో యాప్ ఉచితం. నడక దారులు, మూసివేతలు చూపుతుంది, మ్యాపును ముందే దించుకుంటే నెట్ లేకుండా జీపీఎస్‌తో పనిచేస్తుంది. రైలునూ నడకనూ కలిపి మొదటిసారి వెళ్లేవారికి నేను సూచించేది స్విట్జర్లాండ్‌లోని ఆల్బులా రైలు మార్గం. బెర్గ్యూన్ నుంచి ప్రెడాకు రైలు 400 మీటర్లకు పైగా ఎత్తు ఎక్కుతుంది, అందుకోసం కొండలోపల సొరంగాల్లో మెలికలు తిరుగుతుంది. ప్రెడాలో దిగి, ఆ పట్టాల వెంబడే బెర్గ్యూన్‌కు నడిచి దిగితే కిటికీలోంచి అర్థం కాని మెలికలన్నీ ఒక్కొక్కటిగా కళ్ల ముందు విడిపోతాయి. ఫిలిసూర్ దగ్గరి 65 మీటర్ల ఎత్తైన లాండ్‌వాసర్ వంతెన కూడా ఈ లైను మీదిదే. 2008 నుంచి బెర్నీనా లైనుతో కలిపి ఇది యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. నడక ముగిశాక బెర్గ్యూన్‌లో మళ్లీ రైలెక్కవచ్చు. రోజుకో శిఖరం కన్నా ఇలాంటివి నాలుగు పెట్టుకోండి. వారాల తరబడి చార్జింగ్ నిలుస్తుందని అమ్మే నడక వాచీలను మాత్రం నమ్మి బ్యాటరీ లెక్కలు వేయకండి, ఆ వారాలు జీపీఎస్ ఆపేసినప్పటివి.

యూరప్ ఈసిమ్ కొన్నాం, స్విట్జర్లాండ్‌లో పనిచేయలేదని తెలిసినవారు చెప్పారు. వైఫైతోనే గడిపేయవచ్చా? (హైదరాబాద్)

స్విట్జర్లాండ్ ఐరోపా సమాఖ్యలో లేదు, అదనపు చార్జీ లేకుండా వేరే దేశంలోనూ సిమ్ వాడుకోనిచ్చే సమాఖ్య రోమింగ్ నియమం దానికి వర్తించదు. దాని పక్కనున్న చిన్న దేశం లీచ్‌టెన్‌స్టైన్‌కు వర్తిస్తుంది. కాబట్టి "యూరప్" అన్న పేరు చూసి ఆగకుండా దేశాల జాబితాలో స్విట్జర్లాండ్ ఉందో లేదో చదవండి. జర్మనీ గడ్డ మీద ఉన్నా, కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఫోన్ స్విస్ నెట్‌వర్కును పట్టుకోవచ్చు, అక్కడ నెట్‌వర్కును చేత్తో ఎంచుకోండి. వైఫైతో గడపడం మాత్రం కుదరదు. సిమ్ లేని ఫోన్ నుంచి కూడా అత్యవసర నంబరు 112 కలుస్తుందన్న నమ్మకం జర్మనీలో 2009 నుంచీ చెల్లదు, అక్కడ పనిచేసే సిమ్ ఉండాలి. ఆస్ట్రియాలో కొండల్లో సహాయానికి 140, స్విట్జర్లాండ్‌లో హెలికాప్టర్ రక్షణ సంస్థ రేగాకు 1414.

హోటల్ సాకెట్లకు ఏ అడాప్టర్ కొనాలి? (నెల్లూరు)

రెండు సన్నని గుండ్రటి పిన్నులుండే యూరో ప్లగ్ జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్, ఇటలీలోని దక్షిణ టిరోల్ అన్నిచోట్లా సరిపోతుంది. జర్మనీలో దొరికే లావుపాటి గుండ్రని ప్లగ్గు స్విస్ సాకెట్‌లో పట్టదు. మన మూడు పిన్నులది ఎక్కడా పట్టదు.

రైలు వేళలన్నీ ఫోన్ క్యాలెండర్‌లో రాసుకున్నాను. సరిపోతుందా? (తిరుపతి)

ఇక్కడ కూర్చుని ఉదయం 9 గంటలని రాస్తే ఫోన్ దాన్ని భారత కాలమానంలో దాచుకుంటుంది. మ్యూనిక్‌లో దిగాక అదే ప్రయాణం వేసవిలో ఉదయం 5.30కి కనిపిస్తుంది, అలారం కూడా ఆ లెక్కనే మోగుతుంది. ప్రతి నమోదులో కాలమానం గడిని తెరిచి బెర్లిన్ అనో జ్యూరిక్ అనో మార్చండి. అక్టోబరు చివరి ఆదివారం అక్కడ గడియారం గంట వెనక్కి జరుగుతుంది కనుక ఆ తేదీ దాటే ప్రయాణాలకు మూడున్నర గంటల తేడా అని చేత్తో లెక్కవేసి సరిదిద్దకండి.