‘ది అవెంజర్స్’ చిత్రంలోని వీరులు ప్రేక్షకులకు అంతగా ఎందుకు నచ్చారు?

2012లో విడుదలైన ఈ చిత్రానికి అసలు బలం వీరుల శక్తుల్లో కంటే వారికి ఒకరితో ఒకరికి పొసగకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం. ఐరన్ మ్యాన్, హల్క్, థోర్, కెప్టెన్ అమెరికా 2008 నుంచి 2011 వరకు విడివిడి చిత్రాల్లో పరిచయమైనందువల్ల ఎవరి స్వభావం ఏమిటో ప్రేక్షకులకు ముందే తెలుసు. అందుకే ఎవరినీ లెక్కచేయని టోనీ స్టార్క్ (ఐరన్ మ్యాన్), క్రమశిక్షణే ప్రాణమనుకునే స్టీవ్ రోజర్స్ (కెప్టెన్ అమెరికా) ఎగిరే యుద్ధనౌకలో మాటామాటా అనుకునే సన్నివేశం పోరాటాలకు తీసిపోకుండా రక్తి కడుతుంది. ఎడ్వర్డ్ నార్టన్ స్థానంలో హల్క్‌గా వచ్చిన మార్క్ రఫలో, కోపాన్ని లోలోపలే అణచుకునే మనిషి బెరుకును చక్కగా పలికించాడు. తాను దేవుణ్ణని విర్రవీగే ప్రతినాయకుడు లోకీని హల్క్ కాలు పట్టుకుని నేలకేసి బాదినప్పుడు నవ్వు ఆగకపోవడానికి ఆ పొగరే కారణం. వీరుల్లో విలుకాడైన హాక్‌ఐకి మాత్రం, నిజం చెప్పాలంటే, సినిమాలో చాలా భాగం లోకీ వశంలోనే గడిచిపోయింది.