11 ఏళ్ల పిల్లికి కీళ్ల అరుగుదల: పీఆర్‌పీ, స్టెమ్ సెల్స్ పనిచేస్తాయా?

మీ పిల్లికి 11 ఏళ్లనీ, ముందుకాళ్ల మోచేతి కీళ్లు అరిగాయని ఎక్స్‌రేలో తేలిందనీ రాశారు. పీఆర్‌పీ (ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న రక్త భాగం) గానీ స్టెమ్ సెల్స్ (మూలకణాలు) గానీ ఎక్కిస్తే కీలు మళ్లీ బాగవుతుందా అని అడిగారు. రెండేళ్ల క్రితం మా పిల్లి చిట్టిని పట్టుకుని నేనూ ఇదే ప్రశ్నతో తిరిగానండీ. అప్పటికి దానికి 12 ఏళ్లు.

అది కుంటలేదు. కిటికీ ఎక్కడం మానేసింది, లిట్టర్ బాక్స్ పక్కన ఒంటేలు పోసేది, నడుము దగ్గర బొచ్చు ఉండలు కట్టింది. ముసలితనమనుకుని ఆరు నెలలు ఊరుకున్నాం. అన్నాళ్లూ అది నొప్పితోనే ఉందని తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మేం పీఆర్‌పీ చేయించాం. పిల్లి రక్తమే తీసి, మెషీన్లో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువగా ఉన్న భాగాన్ని కీలులోకి ఎక్కిస్తారు. వినడానికి తేలికే. కానీ 4 కిలోల పిల్లి ఒంట్లో ఉండే రక్తమంతా కలిపినా దాదాపు పావు లీటరు, అందులోంచి తీయగలిగేది కొంచెమే. పైగా పిల్లి ప్లేట్‌లెట్లు ఇట్టే ఒకదానికొకటి అంటుకుపోతాయి. చిట్టికి మొదటిసారి తీసిన రక్తం అలాగే పనికిరాకుండా పోయింది. మళ్లీ మత్తు, మళ్లీ సూది, మళ్లీ టెన్షన్.

వారం తర్వాత అది హుషారుగా తిరుగుతోందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. అయితే డాక్టర్ గారు ముందే సోఫా ఎక్కేటప్పుడు ఫోన్లో వీడియో తీసి ఉంచమన్నారు. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏమీ లేదు. పిల్లుల కీళ్ల నొప్పి మందులను పరీక్షించేటప్పుడు, మందు లేని ఉత్త ఇంజెక్షన్ ఇచ్చినా చాలామంది యజమానులు నయమైందనే చెబుతారట. ప్రేమ కొద్దీ అలా కనిపిస్తుంది. మీరు ఏ చికిత్స చేయించినా ముందు వీడియో తీయండి.

స్టెమ్ సెల్స్ మేం చేయించలేదు. కొవ్వులోంచి తీసిన కణాలను ల్యాబ్‌లో పెంచి ఎక్కిస్తారు. అవి ప్రధానంగా చేసేది వాపు తగ్గించడం, కొత్త గుజ్జు పుట్టించడం కాదు. పిల్లుల్లో వీటి మీద పేరున్న పరిశోధన, కాలిఫోర్నియాలోని యూసీ డేవిస్ యూనివర్సిటీలో జరిగింది, నోటి చిగుళ్ల వాపు గురించి. కీళ్ల విషయంలో ఆధారాలు చాలా తక్కువ. అరిగిన కీలు కొత్తదవుతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే దయచేసి డబ్బు కట్టకండి.

చిట్టికి పనిచేసినవి వేరే. కిడ్నీలు బాగున్నాయని రక్త పరీక్షలో తేలాక డాక్టర్ గారు మెలాక్సికామ్ అనే నొప్పి, వాపు తగ్గించే మందు చాలా చిన్న మోతాదులో మొదలుపెట్టారు. తిండి కొలిచి పెట్టి, ఎనిమిది నెలల్లో బరువు 5.6 నుంచి 4.8 కిలోలకు తెచ్చాం. కిటికీ కింద పీట వేశాం, ప్లాస్టిక్ టబ్బు అంచు ఒకవైపు కోసి లిట్టర్ బాక్స్ చేశాం. రెండో నెల వీడియోలోనే పీట మీదుగా కిటికీ ఎక్కింది!

నెలకోసారి వేసే సొలెన్సియా ఇంజెక్షన్ గురించి కూడా అడగండి. అమెరికాలో దానికి 2022లో అనుమతి వచ్చింది. అదీ కీలును బాగుచేయదు, నొప్పి సంకేతాన్ని ఆపుతుంది. ఇవన్నీ చేశాక, మత్తుకు తట్టుకుంటుందని డాక్టర్ చెబితే, అప్పుడు పీఆర్‌పీ ఆలోచించండి.

ఈలోపు నొప్పి చూడలేక ఇంట్లో ఉన్న పారాసెటమాల్ మాత్రం వేయకండి. పిల్లికి ఒక్క మాత్ర చాలు, ప్రాణం పోతుంది.