ఫిబ్రవరిలో ఇబిజా: పార్టీ లేదు, మరి వెళ్ళాలా?

ఈ నెల వచ్చిన మెయిల్స్‌లో ఎక్కువ స్పెయిన్ పార్టీ ఐలాండ్ ఇబిజా మీదే ఉన్నాయి, ఎవరో రీల్స్‌లో ఆఫ్ సీజన్ హోటల్ రేట్లు చూపించినట్టున్నారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దానికే ఇచ్చేశాం.

అక్కా, మేం నలుగురు ఫ్రెండ్స్ మ్యూనిక్‌లో మాస్టర్స్ చేస్తున్నాం. సెమిస్టర్ ఎగ్జామ్స్ అయ్యాక ఫిబ్రవరి ఆఖర్లో ఇబిజా అనుకుంటున్నాం. సమ్మర్ రేట్లు చూస్తే కళ్ళు తిరిగాయి, ఫిబ్రవరిలో రూమ్ సగం కంటే తక్కువకే కనపడుతోంది. మనిషికి 350 యూరోల్లో నాలుగు రోజులు అవుతుందా? క్లబ్బులు కూడా చవగ్గా ఉంటాయా?
– ఒక స్టూడెంట్, మ్యూనిక్

తమ్ముడూ, నీ ఆఖరి ప్రశ్నకే ముందు జవాబు చెప్తా, ఎందుకంటే మిగతా ప్లానంతా దాని మీదే ఉంది. ఫిబ్రవరిలో పెద్ద క్లబ్బులు చవగ్గా ఉండటం కాదు, అసలు తెరిచే ఉండవు. ఉషువాయా, హాయ్, అమ్నీషియా, డీసీ-10 ఇవన్నీ ఏప్రిల్ ఆఖరు, మే నెలల్లో ఓపెనింగ్ పార్టీలతో మొదలై అక్టోబర్ మొదటి సగంలో క్లోజింగ్ పార్టీలతో అయిపోతాయి, ఆ తర్వాత తాళాలే. ఇంగ్లీష్ కుర్రాళ్ళతో కిటకిటలాడే సాంత్ ఆంతోని ఊళ్ళో వెస్ట్ ఎండ్ అనే బార్ల వీధి ఫిబ్రవరిలో పెళ్ళైన మర్నాటి కల్యాణ మండపంలా ఉంటుంది, షట్టర్లు దించేసి, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చేసి. ఇబిజా టౌన్లో మాత్రం అక్కడి వాళ్ళు వెళ్ళే బార్లు వీకెండ్‌లో ఉంటాయి, ఒక బీరు, నాలుగు కబుర్లు, అంతవరకే.

మీ నలుగురికీ పార్టీయే కావాలంటే ఫిబ్రవరి వదిలేసి అక్టోబర్ మొదటి వారం చూడండి. రూమ్ ఆగస్టు రేటంత ఉండదు, సముద్రం ఇంకా 23 డిగ్రీల దగ్గర ఉంటుంది కాబట్టి ఈత కొట్టొచ్చు, జర్మనీ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు ఇంకా తిరుగుతుంటాయి. కానీ క్లబ్ టికెట్ మాత్రం ఆఫ్ సీజన్ అని తగ్గదు, పేరున్న రాత్రికి 50 నుంచి 80 యూరోలు, లోపల ఒక కాక్‌టెయిల్ 20 దాకా, వాటర్ బాటిలే పది యూరోలకి అటూ ఇటూ. నువ్వు చెప్పిన 350లో సగం దాకా ఒక్క రాత్రికే పోతుంది, అది లెక్కేసుకుని ఒక్క రాత్రి క్లబ్, మిగతా రాత్రులు బీచ్ పక్కన సూపర్‌మార్కెట్ శాండ్‌విచ్ అనుకుంటే కుదురుతుంది.

లేదు, ఐలాండ్ చూడాలి, డబ్బు తక్కువ అవ్వాలి అంటే ఫిబ్రవరి బంగారం. ఉత్తర యూరప్ నుంచి డైరెక్ట్ ఫ్లైట్లు చాలావరకు అక్టోబర్ ఆఖరి ఆదివారంతో ఆగిపోతాయి, ఎయిర్‌లైన్స్ వింటర్ షెడ్యూల్ ఆ రోజే మొదలవుతుంది. కాబట్టి బార్సిలోనా, మాడ్రిడ్, వాలెన్సియాల్లో ఒకదాని మీదుగా వెళ్ళాలి. ముందే బుక్ చేస్తే రానూపోనూ 120, 150 మధ్య పెట్టుకో. ఇద్దరికో రూమ్ చొప్పున మూడు రాత్రులకి మనిషికి 100 నుంచి 120, తిండికి రోజుకి 20 నుంచి 25. అంటే 350 దగ్గర దగ్గరగా సరిపోతుంది కానీ చేతిలో ఇంకో యాభై ఉంటే ప్రాణం హాయిగా ఉంటుంది. ఇంకో మాట, బార్సిలోనా నుంచి ఇబిజాకి మా స్పానిష్ ఫ్రెండ్ పాతిక యూరోలకే వెళ్ళొచ్చాడు అని ఎవరన్నా చెప్తే నమ్మేసి ఆ రేటు కోసం వెతుక్కోకు, ఐలాండ్ నివాసులకి విమానం టికెట్ మీద 75 శాతం సబ్సిడీ ఉంది, మనకి రాదు.

ఎయిర్‌పోర్ట్ నుంచి టౌన్‌కి 7 కిలోమీటర్లే, బస్సుంది, టికెట్ కొద్ది యూరోలే. పల్లెల వైపు మాత్రం చలికాలం బస్సులు బాగా తగ్గిపోతాయి కాబట్టి నలుగురూ కలిసి రెండు రోజులు కారు తీసుకోవడమే నయం, ఆ సీజన్లో రోజు అద్దె చాలా తక్కువ. అయితే 25 లోపు వయసైతే ఎక్స్‌ట్రా వేస్తారు, డిపాజిట్‌కి క్రెడిట్ కార్డే అడుగుతారు, డెబిట్ కార్డు చూపిస్తే వాళ్ళ ఇన్సూరెన్స్ అంటగట్టి అద్దె కంటే ఎక్కువ గుంజుతారు. ఇండియా లైసెన్స్ అయితే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా ఉండాలి.

ఇక ఫిబ్రవరిలో వెళ్ళడానికి నా దృష్టిలో అసలు కారణం సాంతా ఆగ్నెస్ దె కొరోనా. ఐలాండ్‌కి ఉత్తరాన చిన్న ఊరు, చుట్టూ ఎర్రమట్టి మైదానం, ఆ మైదానం నిండా బాదం చెట్లు. జనవరి ఆఖరు నుంచి ఫిబ్రవరిలో పూత వస్తుంది, ఆకు కూడా రాని నల్లటి కొమ్మల మీద తెల్లగా, కాస్త గులాబీ రంగులో. అక్కడి జనం పున్నమి రాత్రి ఫ్యామిలీలతో వచ్చి ఆ చెట్ల మధ్య నడుస్తారు, టికెట్ లేదు ఏం లేదు. నువ్వు నెలాఖరు అంటున్నావు, అప్పటికి రాలిపోయే ఛాన్సే ఎక్కువ, ఎగ్జామ్ డేట్లు ఒప్పుకుంటే ఓ పది రోజులు ముందుకి జరుపు.

డాక్యుమెంట్స్ సంగతి: జర్మనీ రెసిడెన్స్ పర్మిట్ ఉంటే స్పెయిన్‌కి వేరే వీసా అక్కర్లేదు, 180 రోజుల్లో 90 రోజుల దాకా తిరగొచ్చు. కానీ ఒరిజినల్ పాస్‌పోర్ట్, పర్మిట్ కార్డు రెండూ జేబులో ఉండాలి, ఫోన్లో ఫోటో పనికిరాదు. చవక ఎయిర్‌లైన్స్ కొన్ని యూరప్ పాస్‌పోర్ట్ లేనివాళ్ళని సెక్యూరిటీకి ముందే కౌంటర్ దగ్గర డాక్యుమెంట్ చెక్ చేయించుకోమంటాయి, అది తెలియక నేరుగా గేటు దగ్గరికి పోయి వెనక్కి పరిగెత్తే మనవాళ్ళు చాలామంది.

మా అమ్మాయి బార్సిలోనాలో చదువుతోంది. స్నేహితురాళ్ళతో ఇబిజా వెళ్తానంటోంది. ఆ ఊరి గురించి డ్రగ్స్, తాగుడు అని విన్నాం. చలికాలమైతే పర్వాలేదంటుంది. పంపొచ్చా?
– ఒక తల్లి, విజయవాడ

అమ్మా, మీ అమ్మాయి నిజమే చెప్తోంది. మీరు విన్నది సమ్మర్ కథ, అది కూడా ఐలాండ్‌లో కొన్ని వీధులకి సంబంధించింది. అక్కడి ప్రభుత్వానికే అది విసుగొచ్చి 2020లో సాంత్ ఆంతోనిలో ఒక ఏరియా గీత గీసి హ్యాపీ అవర్లు (మందు చవగ్గా అమ్మే గంటలు), బార్ నుంచి బార్‌కి గుంపులుగా తిప్పే టూర్లు బంద్ చేశారు, రాత్రి తొమ్మిదిన్నర దాటాక షాపుల్లో మందు అమ్మకూడదన్నారు. 2024లో ఆ ఏరియాలో రోడ్డు మీద తాగితే కూడా ఫైన్ అన్నారు. చలికాలంలో అయితే పొద్దున బడికి పోయే పిల్లలు, చర్చి ముందు బెంచీ మీద ముసలాళ్ళు, మామూలు ఊరు.

చలికాలంలో నేను జాగ్రత్త చెప్పేది వేరే విషయం. ఎస్ వెద్రా అని సముద్రంలోంచి దాదాపు 400 మీటర్లు నిలువుగా లేచిన రాతి కొండ ఒకటుంది, దాన్ని చూడ్డానికి పిల్లలంతా సాయంత్రం ఎదురుగా ఉన్న పాత కాపలా బురుజు దాకా ఎక్కుతారు. సూర్యాస్తమయం బాగుంటుంది, ఎవరూ కాదనరు. కానీ అంచున రెయిలింగ్ లేదు, గాలి గట్టిగా వీస్తుంది, ఫోటో కోసం వెనక్కి వెనక్కి జరుగుతారు. పైగా ఆ కాలంలో ఆరు, ఆరున్నరకి చీకటి పడిపోతుంది, దిగే దారంతా గులకరాళ్ళు, ఫోన్ బ్యాటరీ ఫోటోలకే అయిపోతే లైటు ఉండదు. బీచ్‌ల్లో లైఫ్‌గార్డులు కూడా ఆ కాలంలో ఉండరు. ఈ రెండూ చెప్పి పంపించండి. రూమ్ ఇబిజా టౌన్లోనే తీసుకోమనండి, ఊరు బయట అయితే ఏడింటికే రోడ్డు మీద మనిషి ఉండడు.

మాకు యూకే స్టూడెంట్ వీసా ఉంది. మాంచెస్టర్ నుంచి ఇబిజాకి ముప్పై పౌండ్ల టికెట్ కనపడింది. వీసా కావాలా?
– మాంచెస్టర్

కావాలి. ఇబిజా అంటే స్పెయిన్, స్పెయిన్ అంటే షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపు), యూకే వీసా అక్కడ చెల్లదు. వీసా ఫీజు 90 యూరోలు, పైన వీసా సెంటర్ సర్వీస్ చార్జి, 30 వేల యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్. ప్రయాణానికి కనీసం 15 రోజుల ముందు అప్లై చెయ్యాలంటారు కానీ అపాయింట్‌మెంట్ దొరకడమే పెద్ద తలనొప్పి, ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు కాబట్టి తొందరగా మొదలుపెట్టండి. ఆ ముప్పై పౌండ్ల టికెట్ ముందే కొనేసి వీసా కోసం పరిగెత్తకండి. ఎలాగూ వీసాకి అంత పెడుతున్నారు కాబట్టి నాలుగు రోజుల ఇబిజాకి వాలెన్సియా కూడా కలిపి వారం చేసుకుంటే డబ్బుకి న్యాయం.

మా అబ్బాయి ఫ్రాన్స్‌లో ఉంటాడు. మార్చిలో మమ్మల్ని ఇబిజా తీసుకెళ్తానంటున్నాడు. మేం శాకాహారులం, గుడ్డు కూడా తినం. అక్కడ ఏం తినాలి? ఇక్కడి నుంచి ఏం తీసుకెళ్ళొచ్చు?
– ఒక రిటైర్డ్ టీచర్, గుంటూరు

మాస్టారూ, తిండి దొరుకుతుంది కానీ అడిగే పద్ధతిలో అడగాలి. అక్కడ "మాంసం వద్దు" అంటే చాలామంది పంది మాంసంతో చేసే హామోన్‌ని, ట్యూనా చేపని మాంసం లెక్కలో వెయ్యరు. సలాడ్ అని ఆర్డర్ చేస్తే పైన ట్యూనా చల్లి తెస్తారు, బఠాణీల కూరలో సన్నగా తరిగిన హామోన్ ముక్కలు ఉంటాయి. అందుకని విడివిడిగా చెప్పించండి: సిన్ కార్నే (మాంసం లేకుండా), సిన్ హామోన్, సిన్ అతూన్, సిన్ హుయేవో. ఆఖరిది గుడ్డు, అది తినరు కాబట్టి వాళ్ళ ఫేమస్ బంగాళాదుంప తోర్తీయా మీకు పనికిరాదు, అది గుడ్డుతోనే చేస్తారు.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. బేకరీ అద్దంలో పంచదార పొడి చల్లి, పాము చుట్టలా చుట్టిన మెత్తటి బన్ను కనపడుతుంది, ఎన్సైమదా. చూస్తే స్వీట్ బన్నే. దాంట్లో పంది కొవ్వు వేస్తారు. ఫ్లావో అనే పుదీనా వేసిన జున్ను కేకులో గుడ్లు ఉంటాయి. మీరు నిశ్చింతగా తినగలిగేవి: టమాటా రుద్ది ఆలివ్ నూనె పోసిన బ్రెడ్, నిప్పుల మీద కాల్చిన వంకాయ, క్యాప్సికమ్‌తో చేసే ఎస్కలివాదా (మన కాల్చిన వంకాయ పచ్చడికి చుట్టమే, కారం లేదంతే), ఆలివ్‌లు, నారింజలు. మధ్యాహ్నం మామూలు రోజుల్లో మెన్యూ దెల్ దియా అని ఫిక్స్‌డ్ భోజనం పెడతారు, రెండు ఐటమ్స్, బ్రెడ్, స్వీటో కాఫీయో, 12 నుంచి 18 యూరోలు. రాత్రి ఎనిమిదిన్నర ముందు చాలా హోటళ్ళలో కిచెన్ తెరవరు, మీకు ఏడింటికి భోజనం అలవాటైతే కష్టం, కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకోమనండి. లిస్టింగ్‌లో టూరిస్ట్ లైసెన్స్ నంబర్ ఉందో లేదో మీ అబ్బాయిని చూడమనండి, ఐలాండ్‌లో దొంగ అద్దె ఇళ్ళ మీద గట్టిగా ఉన్నారు. ఆదివారం పెద్ద సూపర్‌మార్కెట్లు మూసేస్తారు, శనివారమే బియ్యం, పెరుగు తెచ్చి పెట్టుకోండి.

ఇక్కడి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ, చింతపండు, ఇన్‌స్టంట్ ఉప్మా తీసుకెళ్ళండి, చెక్-ఇన్ బ్యాగ్‌లో, రెండు కవర్లు వేసి. నెయ్యి మాత్రం వద్దు. పాలతో చేసిన ఏ పదార్థమూ ఇండియా నుంచి యూరప్‌కి తీసుకెళ్ళనివ్వరు, ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటే డబ్బా చెత్తబుట్టలోకే. దూద్ పేడా, పాలకోవా కూడా అదే లెక్క. పచ్చి కరివేపాకు రెమ్మలకి కూడా ప్లాంట్ సర్టిఫికెట్ అడుగుతారు, ఎండబెట్టి తీసుకెళ్ళండి. నెయ్యి మీ అబ్బాయి ఫ్రాన్స్‌లోనే ఇండియన్ షాపులో కొంటాడు.

మార్చి మీ వయసుకి మంచి నెల. పగలు 16, 17 డిగ్రీలు, ఎండలో కూర్చుంటే హాయి. దాల్త్ విలా అనే పాత కోట ఊరికి 1999లో యునెస్కో గుర్తింపు వచ్చింది. టర్కీ దాడుల భయంతో 16వ శతాబ్దంలో కట్టిన గోడలు, పైకెక్కితే కెథడ్రల్, అక్కడి నుంచి సముద్రం అవతల పక్క ఐలాండ్ ఫార్మెంటెరా కనపడుతుంది. టికెట్ లేదు, కానీ దారంతా నున్నటి రాళ్ళ ఎక్కుడు, మోకాళ్ళ నొప్పి ఉంటే మెల్లగా, గ్రిప్ ఉన్న షూ వేసుకుని. కింద పూచ్ దెస్ మొలిన్స్‌లో ఫినీషియన్ల (ప్రాచీన సముద్ర వ్యాపారుల) కాలం నాటి సమాధులు కొండ కడుపులో వేల సంఖ్యలో ఉన్నాయి, మీరు హిస్టరీ టీచరైతే ఒక పూట అక్కడే అయిపోతుంది, సోమవారం మాత్రం మూసేస్తారు.

డిసెంబర్‌లో హనీమూన్‌కి ఇబిజా బీచ్ రిసార్ట్ ఎలా ఉంటుంది?
– హైదరాబాద్

బీచ్ రిసార్ట్ అంటే వద్దండీ. ప్లాయా డెన్ బోసా వైపు పెద్ద హోటళ్ళు మూసేసి పెయింట్లు, ప్లంబింగ్ రిపేర్లు చేయించుకునే టైమ్ అది. హైదరాబాద్ నుంచి అంత ఖర్చు పెట్టి మూసిన హోటళ్ళ మధ్య నడుస్తారా? సెవిల్, వాలెన్సియా చూడండి, క్రిస్మస్ లైట్లు ఉంటాయి, జనం ఉంటారు. ఇబిజాయే కావాలంటే మే నెల.

ఆఫ్ సీజన్లో టూరిస్ట్ టాక్స్ ఉంటుందా? ఫార్మెంటెరాకి పొద్దున వెళ్ళి సాయంత్రం రావచ్చా?
– డబ్లిన్

టాక్స్ ఉంది, రాత్రికి మనిషికి ఇంత అని హోటల్ వాళ్ళే వేస్తారు, నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా సీజన్ రేటులో పావు వంతే, చిల్లర డబ్బులే. ఫార్మెంటెరాకి బోటు అరగంట, ఏడాది పొడవునా ఉంటుంది కానీ చలికాలంలో ట్రిప్పులు తక్కువ, గాలి గట్టిగా ఉన్న రోజు క్యాన్సిల్ కూడా చేస్తారు. అందుకే మీ రిటర్న్ ఫ్లైట్‌కి ముందు రోజు పెట్టుకోకండి. శనివారం అయితే బోటు మానేసి సాంత్ కార్లెస్‌లో లాస్ దాలియాస్ సంతకి పోండి, ఆ హిప్పీ సంత చలికాలం కూడా నడుస్తుంది. ఫార్మెంటెరా రేవులో సైకిల్ షాపులు ఆ కాలంలో అన్నీ తెరవరు, ముందు రోజే ఫోన్ చేసి కనుక్కుని, ఆఖరి బోటు టైమ్ రాసుకున్నాకే సైకిలెక్కండి.