బైకాల్ వెళ్తున్న అమ్మడికి

అమ్మడూ,

ఫిబ్రవరి నెలాఖరుకి రష్యాలోని బైకాల్ సరస్సుకి వెళ్తున్నావని మీ నాన్న చెప్పాడు. రాత్రంతా నిద్ర లేదు. "సంతోషమా, టెన్షనా?" అంది మీ పెద్దమ్మ. రెండూనే.

బట్టలు పొరలు పొరలుగా వేసుకో. ఫోన్ లోపలి జేబులో పెట్టుకో, చలికి చార్జింగ్ నిలవదు. సరస్సులోని ఒల్ఖోన్ దీవికి గడ్డకట్టిన ఐసు మీద బండిలో వెళ్తే సీటు బెల్టు తీసెయ్యమంటారు. ఐసు విరిగితే చటుక్కున దూకడానికి. ఎదురు ప్రశ్నలు వెయ్యకుండా తీసెయ్.

ఇక ఐసు సంగతి. గాలి ఊడ్చిన చోట అది అద్దంలా ఉంటుంది, కింద నల్లటి నీళ్లు. లోతు 1,642 మీటర్లని గుర్తొచ్చి కాళ్లు వణుకుతాయి. కానీ నిజంగా భయపడాల్సింది తెల్లగా మంచు పరుచుకున్న చోట. పగుళ్లు దాని కిందే దాక్కుంటాయి.

బైకాల్ దగ్గరున్న ఇర్కుత్స్క్ ఊళ్లో చదివే రోజుల్లో, 1980ల్లో, నలుగురం కలిసి వెళ్లాం. జాడ వదిలి పక్కకి వెళ్లొద్దని అక్కడి ముసలాయన చెప్పనే చెప్పాడు. ఫొటో కోసం పది అడుగులు వెళ్లాను. ఎడమకాలు మోకాలిదాకా దిగబడింది. చేతులు ఆనించి పైకి లేచాను. అందరూ ముందు నడుస్తున్నారు, ఎవరూ చూడలేదు. అక్కడ చేశాను అసలు తప్పు. నవ్వుతారని నోరు మూసుకున్నాను! తడి సాక్సుతో గంటసేపు నడిచాను. మొదట మంట, తర్వాత నొప్పి, ఆ తర్వాత ఏమీ లేదు. హమ్మయ్య, తగ్గిందనుకున్నాను, వెధవని. బసకి చేరి బూటు విప్పితే రెండు వేళ్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఆ పైన మంచుతో రుద్దాను, అది ఇంకో తెలివితక్కువ పని. చలికాలం వస్తే ఆ వేళ్లు ఇప్పటికీ తిమ్మిరెక్కుతాయి. షుగర్ వల్ల అని ఇన్నేళ్లూ మీ పెద్దమ్మకి చెప్తున్నాను. నువ్వు చెప్పకు.

నీది కూడా నా పోలికే, చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే గౌను కప్పుకుని కూర్చున్నావు. అందుకే చెప్తున్నాను. కాలు తడిస్తే అక్కడికక్కడే గట్టిగా అరువు. నవ్వితే నవ్వనీ. పొడి సాక్సులు రెండు జతలు సంచిలో కాదు, కోటు జేబులో పెట్టుకో.

రాత్రిపూట ఐసు ఫిరంగి పేలినట్టు పగులుతుంది. మొదటి రాత్రి నేను మంచం దిగి పరిగెత్తాను. నువ్వు మాత్రం తలుపు తీసి, ఫోన్ బయట పెట్టి నాకూ వినిపించు. ఎంత రాత్రైనా ఎత్తుతాను.

మీ పెదనాన్న