సర్వర్ గదిలో ఏసీ 18 దగ్గరే ఉండాలా?

బరంపురంలో మీ ఆఫీసు సర్వర్ గది చిన్నదే, ఏసీ 18లో పెట్టినా ర్యాక్ (సర్వర్లు అమర్చే అరల స్టాండు) పైభాగం వేడెక్కిపోతోంది, కరెంటు బిల్లు మాత్రం దిగట్లేదు. అదేగా మీ ప్రశ్న?

ఇది ఎక్కువగా గాలి దారి తప్పడం వల్ల వచ్చే తంటా అండీ. సర్వర్ ముందు నుంచి గాలి పీల్చి, వెనక నుంచి వేడిగా వదులుతుంది. ర్యాక్‌లో ఖాళీ అరలు తెరిచి ఉంటే ఆ వేడిగాలే చుట్టు తిరిగి మళ్లీ ముందుకొస్తుంది. ఆ ఖాళీలకు బ్లాంకింగ్ ప్యానెళ్లు, అంటే అరను మూసే పలకలు, బిగించండి, కేబుళ్లు దూరే కంతలు మూయండి. ఇంతకన్నా చవకైన పని నాకు తెలియదు.

తర్వాతే సెట్టింగ్ పెంచండి. ఏసీ ఇంజనీర్ల అమెరికన్ సంఘం ఆష్రే (ASHRAE) సిఫార్సు 18–27 డిగ్రీలు. అదీ సర్వర్ గాలి పీల్చే చోట, గోడ దగ్గర కాదు. ర్యాక్ పైనా కిందా థర్మామీటర్లు పెట్టి, రోజుకో డిగ్రీ పెంచుతూ పోతే టెన్షన్ ఉండదు. ఫ్యాన్ వేగం మార్చే వీలుంటే మరీ మంచిది: వేగం 20 శాతం తగ్గిస్తే ఫ్యాన్ వాడే కరెంటు దాదాపు సగానికి పడిపోతుంది.

ఏసీ బదులు నీళ్ల కూలర్ పెట్టమని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే కదా, ఆ ఉక్కలో అది చల్లబరిచేది తక్కువ, గదిలో తేమ పెంచేది ఎక్కువ. అదే కొరాపుట్ కొండల మీదైతే చలికాలం రాత్రుళ్లు బయటి గాలినే వడగట్టి వాడుకోవచ్చు.