శుక్రవారం పొద్దున రెండు గంటలు

అమ్మలూ,

ఊళ్లో పిల్లలంతా కలిసి ఆరోగ్య వలంటీర్ల బృందం పెడదామనుకుంటున్నారని తెలిసి చాలా సంతోషించాను. నా ఏఎన్ఎం (పల్లె నర్సు) ఉద్యోగమంతా ఇలాంటి పల్లెల్లోనే గడిచింది కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

మెడికల్ క్యాంపు, రక్తదానం, బీపీ పరీక్షలు, టీబీ మీద అవగాహన, ప్లాస్టిక్ ఏరడం అని పెద్ద జాబితానే పంపావు. అందులో లేని పని ఒకటి చెప్తాను, మొదటి ఏడాది అదొక్కటే చేయండి. ఇళ్లల్లో డెంగీ దోమ పుట్టకుండా చూడటం. క్యాంపు పెడితే ఆ పూట జనం వస్తారు, ఫొటోలు పడతాయి, మర్నాటికి ఎవరి బీపీ వాళ్లదే. దోమ పని అలా కాదు. గుడ్డు నుంచి రెక్కల దోమ అవ్వడానికి వారం, పది రోజులు పడుతుంది. వారానికోసారి నీళ్లు పారబోస్తే అది దోమ కానే కాదు. ప్రభుత్వం శుక్రవారం డ్రై డే, అంటే నిలవ నీళ్లు పారబోసి పాత్రలు ఆరబెట్టే రోజు, అని పెట్టింది అందుకే. ఆ మాట అందరూ విన్నారు, ఇంటి లోపలికి వచ్చి చూసే మనిషి లేకనే అది సాగడం లేదు. మీరు పూరించాల్సిన ఖాళీ అదే.

ఇద్దరిద్దరు చొప్పున వెళ్లండి. జంటలో ఒకరు ఆడపిల్ల ఉండాలి, లేకపోతే పెరట్లోకి రానివ్వరు. జంటకి నలభై, యాభై ఇళ్లు చాలు. టార్చి, గరిటె, గాజు గ్లాసు, నోటు పుస్తకం, ఇవే మీ సామాను. చందాలు వసూలు చేయొద్దు. డబ్బు చేరితే లెక్కలు, లెక్కలతో తగాదాలు వస్తాయి.

మురుగు కాలవ దగ్గర ఆగిపోకండి. డెంగీ దోమకి కావలసింది నిలవున్న మంచినీళ్లు. ఫ్రిజ్ వెనక ట్రే, కూలర్, మూత సరిగ్గా పడని సింటెక్స్ ట్యాంకు, పూలకుండీ కింద పళ్లెం, పాత టైర్లు, వాడని రోలు, పశువుల తొట్టి, కొబ్బరి చిప్పలు, ఇవన్నీ చూడాలి. లార్వా (గుడ్డు నుంచి వచ్చిన దోమ పురుగు) కనబడితే గ్లాసులోకి తీసి, టార్చి వేసి ఆ ఇంటావిడకి చూపించు. తన ఇంటి నీళ్లలో అవి మెలికలు తిరగడం ఒకసారి చూసిందంటే, మన పాంప్లెట్లు వంద పంచినా రాని కదలిక వస్తుంది. పారబోయడంతో సరిపోదు, తొట్టి, ట్యాంకు లోపలి గోడల్ని పీచుతో తోమమనాలి. గుడ్లు అంచుకి అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగిలితే పిల్లలవుతాయి. పంచాయతీ కుళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధిలో "నీళ్లు నిలవ పెట్టకండి" అనడం అన్యాయం. అక్కడ పాత చీర ముక్క కట్టి మూయమని చెప్పండి. ఖాళీ చేయలేని ట్యాంకులకి లార్వాని చంపే టెమిఫాస్ మందు, బావులకి లార్వాని తినే గంబూసియా చేపలు ఆరోగ్య సిబ్బందిని అడగండి. ఆ మందు మీరు వేయకూడదు.

పొగమందు కొట్టించమని జనం పట్టుబడతారు. అది ఆ సమయంలో ఎగురుతున్న దోమల్నే చంపుతుంది, తొట్టిలో ఉన్నవాటిని ఏమీ చేయదు. కోప్పడకుండా ప్రతిసారీ చెప్పండి.

పుస్తకంలో ప్రతి శుక్రవారం రెండు అంకెలు రాయండి: చూసిన ఇళ్లెన్ని, లార్వా దొరికిన ఇళ్లెన్ని. నూటికి ఎన్ని ఇళ్లల్లో దొరికిందో లెక్క కడితే దాన్నే మా శాఖలో హౌస్ ఇండెక్స్ అంటారు. ఆ అంకె తగ్గుతుంటే పిల్లలకి హుషారు, తగ్గకపోతే ఏ వీధికి మళ్లీ వెళ్లాలో తెలుస్తుంది. పంచాయతీ కార్యదర్శి ముందు కూర్చున్నప్పుడు ఉపన్యాసం కన్నా ఆ పుస్తకమే పనికొస్తుంది. ఇంటివాళ్ల పేర్లు మాత్రం బయటికి చెప్పొద్దు. ఎవరికి జ్వరం, ఎవరికి టీబీ అన్నది వాట్సాప్ గ్రూపులో పెట్టిన రోజు మీకు తలుపులు మూసుకుపోతాయి.

జ్వరం మనిషి కనబడితే ఆశా కార్యకర్తకి కబురు పెట్టడం వరకే మీ పని. మాత్రలు మీరు ఇవ్వొద్దు. బ్రూఫెన్, ఆస్పిరిన్ లాంటివి డెంగీలో రక్తస్రావాన్ని పెంచుతాయని, సొంతంగా కొని వేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. ప్లేట్‌లెట్లు పడిపోయాయన్న భయంతో పట్నం పరుగెత్తేవాళ్లు జ్వరం తగ్గగానే గండం గడిచిందనుకుంటారు. అసలు కనిపెట్టి ఉండాల్సింది ఆ ఒకటి రెండు రోజులే. కడుపులో తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగతగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా 108కి ఫోన్ చేయించండి. ఊరి ఆర్ఎంపీతో గొడవ పెట్టుకోకండి. జ్వరం అనగానే జనం ముందు వెళ్లేది ఆయన దగ్గరికే. పరీక్షకి పీహెచ్‌సీకి పంపమని మర్యాదగా అడగండి.

ఆశా సంగతి వేరుగా చెప్పాలి. ఆమె రాబడిలో కొంత చేసిన పనిని బట్టి వస్తుంది. ఆమె చేయాల్సిన నమోదులు మీరు చేసి పేరు తెచ్చుకోకండి, ఆమె వెనక నిలబడండి. మీరెవరని అడిగితే ప్రభుత్వం కాదు, పార్టీ కాదు అని మొదటి మాటగా చెప్పండి. 2019 నాటి గ్రామ వలంటీర్ల తర్వాత వలంటీరనగానే పింఛనూ పథకాలూ అడుగుతారు. ఆధార్ నంబరు అడగనే అడగొద్దు.

కాలేజీ పిల్లలు పరీక్షలకి, కోతలకి తప్పుకుంటారు, అది తప్పు కాదు. అందుకే మొదటి నుంచీ డ్వాక్రా ఆడవాళ్లని నలుగురైదుగురిని కలుపుకో. నేను చూసినంతలో ఏళ్ల తరబడి నిలిచేది వాళ్లే.

బీపీ, షుగరు మాత్రలు మానేసిన వాళ్లని కనిపెట్టడం వచ్చే ఏడాది చూద్దాం. ముందు బుధవారం టీకాల రోజున అంగన్‌వాడీ దగ్గరికి వెళ్లు. ఏఎన్ఎం, ఆశా ఇద్దరూ అక్కడే దొరుకుతారు. చంటిపిల్లల రద్దీ తగ్గాక కూర్చుని, ఏ వీధిలో పోయినేడు జ్వరాలు ఎక్కువ వచ్చాయో అడుగు. మీ మొదటి శుక్రవారం ఆ వీధిలోనే. వాళ్లేమన్నారో సాయంత్రం నాకు ఫోన్ చెయ్యి.

మీ అత్తయ్య